రాజుగారి కాన్పు

ఆ రోజుల్లో, అంటే యుద్ధం ముగిసినా బియ్యానికి ఇంకా కార్డులు నడుస్తున్న కాలంలో, నాకు ఇరవై రెండేళ్ళ వయసు, చిత్తూరు కచేరీలో నకళ్ళు రాసే ఉద్యోగం, వాటితోపాటు ఎవరూ అడక్కపోయినా నెత్తిన మోస్తున్న పద్దెనిమిది పల్లెల పాళెం ఉండేవి. పాళెగాళ్ళమైన మావాళ్ళు ఏలిన ఆ పాళెం మా ముత్తాత నాడే చేజారింది. మాకు మిగిలింది బోయీలు లేని పల్లకీ ఒకటి (అందులో మా అవ్వ ఎండుమిరపకాయలు పోసేది), అద్దాల బీరువా ఒకటి, నిటారుగా నడిచే అలవాటు ఒకటి. ఆ మూడింటిలో నాకు పూర్తిగా దక్కింది చివరిదే. వీధిలో నేను నడుస్తుంటే వెనక నుంచి ఎవరో కట్టెతో పొడుస్తున్నట్టు ఉండేదని మా మామ కూతురు అనేది. అది మెచ్చుకోలని నేను చాలాకాలం అనుకున్నాను.

మా వీధి చివర బెల్లం మండీ ఉండేది. ఆ మండీ వారసుణ్ణి నేను మనసులో 'మండీవాడు' అని పిలుచుకునేవాణ్ణి. వాళ్ళ తాత ఒకప్పుడు మా వాకిట్లో చెప్పులు విడిచి నిలబడేవాడని మా అవ్వ చెప్పేది. దూరపు బంధువులే. వరసకు వాడు నాకు తమ్ముడు, కనపడినప్పుడల్లా "అన్నా, బాగుండారా?" అని చేతులు కట్టుకునేవాడు (ఆ వినయం నాకు మరీ మంట). ఇక మామ కూతురికి నేను ఎంత బావనో వాడూ అంతే బావ. మా మామ ఏమీ తేల్చేవాడు కాడు. "పిల్ల మనసు యాడుంటే ఆడికే ఇస్తాను" అని పైపంచె దులుపుకుని లేచిపోయేవాడు. పిల్ల మనసు యాడుందో తెలుసుకోవడమే అప్పట్లో నాకు కచేరీ పనికన్నా పెద్ద పని.

అలాంటి సమయంలో మండీవాడు మద్రాసు నుంచి గాజుతొట్టి తెచ్చి, దాంట్లో రంగురంగుల చేపలు వదిలాడు. వీధి వీధంతా పోయి చూసింది. నేను పోలేదు. మామ కూతురు మాత్రం రోజూ సాయంత్రం పోయేది, వచ్చి మా అరుగు మీద కూర్చుని మా అవ్వకు పూసగుచ్చినట్టు చెప్పేది.

"అన్ని చేపలకూ ఒకదానితో ఒకటి పడదంటవ్వా. పడేవాటినే ఏరి వేసినాడు బావ. ఒక మగదానికి మూడు ఆడవి ఉండాలంట. లేకుంటే మగది ఒక్కదాని వెంటే పడి దాన్ని చంపుకు తింటాదంట."

"నిజమేలే, మీ తాతకూ ముగ్గురే కదా" అంది అవ్వ, మిరపకాయ తొడిమలు తుంచుతూ.

నేను పేపరు చదువుతున్నట్టు నటిస్తూ ఒక్క మాటా పోనివ్వకుండా విన్నాను. చేపల సంసారం గురించి చెబుతున్నప్పుడు ఆమె కళ్ళు మెరిసిన మెరుపు, మా పాళెం చరిత్ర నేను చెప్పినప్పుడు ఎన్నడూ మెరవలేదు. ఆ పూటే తీర్మానించుకున్నాను. నాకూ తొట్టి కావాలి, అందులో మండీవాడి దగ్గర లేని జాతి ఉండాలి, ఆమె సాయంత్రాలు మా అరుగు మీదే గడవాలి.

బీరువా తలుపుల అద్దాలు ఊడదీయించి, కమ్మరి చేత ఇనప చట్రం చేయించి, సందులకు మైనం, లప్పం పట్టించాను. (అద్దాలు పోయిన బీరువాలోకి ఎలుకలు దర్జాగా కాపురం మార్చాయి.) తరువాత సెలవు పెట్టి, మెడకు గుడ్డ చుట్టిన కుండ ఒళ్ళో పెట్టుకుని, కాట్పాడిలో రైలు మారి మద్రాసు చేరాను.

ఇక్కడొక సంగతి చెప్పాలి. చిత్తూరులో సగం ఊరు అరవం మాట్లాడుతుంది. మా ఇంట్లో మాత్రం అది సంత భాష అని దగ్గరికి రానివ్వలేదు. కాబట్టి నాకు అరవం రాదు. కానీ ఆర్కాటు నవాబులతో మావాళ్ళు సమానంగా కూర్చున్నారని నలుగురిలో చెప్పుకునే నేను, అరవం రాదని ఎలా ఒప్పుకుంటాను? చేపల అంగడివాడు తెలుగులో పలకరించబోతే "తమిళ్‌లోనే పేసు" అని హుకుం ఇచ్చాను. మొదట ఒంటరిగా సీసాలో ఉన్న పోట్లాట చేపను చూపించాను. మా వంశానికి తగినది అదే అనిపించింది. వాడు రెండు చేతులూ అడ్డంగా ఊపి, పక్కవాటి తోకలు చీల్చేస్తుందని సైగలతో చెప్పాడు. సరేనని మండీవాడి తొట్టిలో లేని ఇంకో జాతిని చూపించాను. ఎర్రటివి. కొన్నింటికి తోక చివర కత్తిలా పొడుగాటి ముల్లు ఉంది, కొన్నింటికి లేదు. కుండలో నాలుగు పడతాయని వేళ్ళు చూపి వాడడిగాడు:

"ఆణ్ ఎత్తనై? పెణ్ ఎత్తనై?"

ఎత్తనై అంటే ఎన్ని అని వేళ్ళను బట్టే తెలిసింది. మిగతా దానికి ఒక్క క్షణం ఆలోచించాను. ఆణ్ అంటే ఆడది. అక్కడ సందేహమే లేదు. పెణ్ అంటే? పెనిమిటి! ఆ భాషలోని లోతుకు నాకే ముచ్చటేసింది.

"ఆణ్ మూణు, పెణ్ ఒణ్ణు" అన్నాను గంభీరంగా.

వాడు నన్ను ఎగాదిగా చూసి, "మూణు ఆణా?" అని రెట్టించి, గుక్కతిప్పుకోకుండా ఏదో చెప్పాడు. నా ఉచ్చారణను మెచ్చుకుంటున్నాడనుకుని చిరునవ్వు నవ్వాను. తల కొట్టుకుని, కత్తితోకలవి మూడు, బోసితోకది ఒకటి కుండలో వేశాడు. కత్తితోకలు చూడగానే నా లెక్క సరిపోయింది. అవి జడలు! మూడు జడల ఆడవాళ్ళు, మధ్యలో జడ లేకుండా, బానపొట్టతో, నిదానంగా కదిలే ఒక మగమహారాజు. ఆ పొట్ట చూస్తే మా తాత ఫోటో గుర్తొచ్చింది.

మా అరుగు మీద తొట్టి పెట్టి 'రాజు, ముగ్గురు రాణులు' అని పేర్లు పెట్టాను. జనం మండీ వదిలి మా ఇంటికి తిరిగారు. మామ కూతురు కూడా. మొదటి సాయంత్రం తొట్టికి ముక్కు ఆనించి, "అబ్బా! ఎంత బాగుండాయి బావా! అరవంలో బేరమాడి తెచ్చినావా?" అంది. "అరవంలోనే" అన్నాను. ఆ వారంలో నా నడుము మరో అంగుళం నిటారైంది. కచేరీ నుంచి వచ్చేటప్పుడు మండీ ముందు నుంచి చుట్టు తిరిగి వచ్చేవాణ్ణి. వాడు ఒంటరిగా కూర్చుని బెల్లం అచ్చులు లెక్కపెడుతుంటే కడుపు చల్లబడేది.

రెండో వారానికి రాణులు రాజును తరమడం మొదలుపెట్టాయి. పొద్దున లేస్తే తరుముడే. ఆయన ఒక మూలకు పోతే ముగ్గురూ ఆ మూలకు, మెతుకు కోసం పైకొస్తే ముగ్గురూ పైకి. మధ్యలో వాటిలో అవి పొడుచుకునేవి.

"ఏంది బావా, రాణులు రాజును తినేటట్టుండారే?" అంది మామ కూతురు.

"ప్రేమ" అన్నాను.

"ఇదేం ప్రేమ! పాపం ఒక మెతుకన్నా తిననీడంలేదు. సూడు, రెక్క చినిగిపోయింది. మండీ బావ తొట్టిలో నాచుంది, దాక్కునేదానికి జాగా ఉంది. రెండు వారాలు ఆడ పెడదాం."

"మా ఇంటి రాజు బెల్లం మండీలో తలదాచుకుంటాడా?"

ఆమె నన్నే చూసింది. "సచ్చిపోతే పరువుంటాదా బావా?"

ఆమె లోపలికి పోయి ఇత్తడి చెంబు తెచ్చి, రాజును ముంచి, చెంబు మీద కొంగు కప్పి నడిచిపోయింది. వీధి మలుపు దాకా చూస్తూ నిలబడ్డాను. మరుసటి రోజు నుంచి రాజును చూడటానికి ఆమె మళ్ళీ మండీకే. మా అరుగు మీద నేనూ, ముగ్గురు రాణులూ మిగిలాం. రాణులు ఒకరినొకరు పొడుచుకుంటుంటే, పొడవడానికి నాకు కనీసం ఎదురుగా మనిషైనా లేడనిపించేది.

పదిహేను రోజుల తరువాత ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె పరుగున వచ్చి గడపలో ఆగింది. నవ్వు ఆపుకోలేక తలుపు పట్టుకుంది.

"బావా! మీ రాజుకు కాన్పయింది!"

ఇంకో చెంబు తీసుకుని ఆమె వెంట మండీకి వెళ్ళాను. ఆ గడప తొక్కడం అదే మొదలు. తొట్టిలో నాచు సందుల్లో జీలకర్ర గింజలంత పిల్లలు, ఇరవైకి పైనే. రాజుగారు పొట్ట తగ్గి, హాయిగా తిరుగుతున్నారు.

"ఇవి మా ఇంటి బిడ్డలు. తీసుకుపోతాను" అన్నాను.

"మీవే కదన్నా" అన్నాడు మండీవాడు నెమ్మదిగా. "అయితే పెద్ద చేపలు పిల్లల్ని మింగేస్తాయి. మీ తొట్టిలో నాచు లేదు. పైగా ఆ మూడూ మగవే కదన్నా. కత్తి ఉండేది మగది."

"నీకెప్పుడు తెలుసు?"

"చెంబులో చూసిన పూటే. మీరు బాధపడతారని చెప్పలేదన్నా."

(ఒక మనిషి మీద అసూయ పడడానికి ఇంతకన్నా పెద్ద కారణం నాకు ఇంతవరకు దొరకలేదు.)

"నువ్వు అంగట్లో ఏమడిగినావు బావా?" అంది మామ కూతురు.

"ఆణ్ మూణు, పెణ్ ఒణ్ణు. సరిగ్గానే అడిగాను. వాడే మోసం చేశాడు."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాడు చటుక్కున తల తిప్పుకుని బెల్లం అచ్చులు సర్దసాగాడు. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, కానీ ఆగలేదు. "ఆణ్ అంటే మగది బావా! ఆడది కాదు!" అని గోడకు ఆనుకుని, కళ్ళ నీళ్ళు కారేలా నవ్వింది. అందులో ఎగతాళి లేదు. నవ్వుతూ నవ్వుతూ నా వైపే చూస్తోంది, నేనూ నవ్వుతానని. అంత దగ్గరగా ఆమె నన్ను అంతకుముందెప్పుడూ చూడలేదు. నేను కూడా నవ్వి ఉంటే ఏమయ్యేదో.

"మా పాళెంలో అరవం అట్లనే మాట్లాడతారు" అన్నాను.

ఆమె నవ్వు ఆగిపోయింది. కళ్ళు తుడుచుకుంది. "పిల్లలు ఈడే ఉండనీ" అన్నాను చివరికి. అది ఔదార్యంలా వినిపించాలని గొంతు కాస్త పెంచాను.

ఆ తరువాతి వైశాఖంలో వాళ్ళిద్దరికీ పెళ్ళయింది. మా మామ మాట తప్పలేదు. పందిట్లో పెద్దల వరసలో కూర్చుని అక్షింతలు వేసింది నేనే, ఎంతో నిటారుగా.

ఇప్పుడు నా నడుము వంగింది. అరవం బాగానే వచ్చు. అప్పుడప్పుడు ఆ ఆదివారం మధ్యాహ్నపు ఎండ గుర్తొస్తుంది. మండీ మెట్లు దిగుతుంటే వెనక నుంచి ఆమె, "బావా, ఎండ మండిపోతా ఉండాది, మజ్జిగ తాగి పో" అని పిలిచింది. "మా ఇంట్లో ఉండాది" అన్నాను వెనక్కి తిరగకుండా. మా ఇంట్లో ఆ పూట మజ్జిగ లేదు. ఖాళీ చెంబు చంకన పెట్టుకుని, తల ఎత్తుకుని, నడి వీధిలో ఒంటరిగా ఊరేగింపులా నడిచిపోతున్న ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. వాడి భుజం మీద చెయ్యి వేసి, 'పోరా అబ్బాయీ, వెనక్కి పోయి ఆ మజ్జిగ తాగు' అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినేవాడు కాడు లెండి.