మిగిలింది ఒక్క ఎర్రిస్వామే

గనుల జోరులో మా బళ్ళారి చుట్టుపక్కల ఇంటికో టిప్పర్ కొంటున్న రోజులు. కంటోన్మెంట్‌లో లారీ ఓనర్ల సంఘానికి నేను కంప్యూటర్ ఆపరేటర్ని. ఎన్నికల ముందు సభ్యుల పట్టికను కొత్త వెబ్‌సైట్‌లోకి మార్చమన్నారు. ఓటర్ల జాబితా కూడా అదే. వందల పేర్లు కొట్టలేక, వాటంతటవే ఎక్కేలా ఒక ప్లగిన్ పెట్టాను. "ఒకే పేరు మళ్ళీ వస్తే వదిలెయ్యాలా?" అని అడిగింది. అవునని నొక్కాను.

మర్నాడు సిరిగేరి నుంచి ముగ్గురు ఓనర్లు వచ్చారు. మా వైపు దేవుడికి మొక్కుకొని పెట్టే పేరు కదా, ముగ్గురూ ఎర్రిస్వాములే.

"మా ఓట్లు యాడికి పోయినాయప్పా? ప్రెసిడెంటు తీసెయ్యమన్యాడా?"

"లేదన్నా, ప్లగిన్ తీసేసింది."

"అదెవరి మనిషి? పిలువు ఈడికి!"

స్క్రీన్ చూపించాను. జాబితాలో ఒక్క ఎర్రిస్వామే ఉన్నాడు.

"ఈనికి లారీ నంబరే లేదే! ఎవురీడు?"

మొట్టమొదట పరీక్షకని నా పేరే ఎక్కించి, తీసెయ్యడం మరిచాను.

"నేనేనన్నా."

ఒకాయన లేచి తలుపు మూశాడు. వాళ్ళ కళ్ళముందే, ఈసారి లారీ నంబర్లను బట్టి, మళ్ళీ ఎక్కించాను. ఎర్రిస్వాములందరూ వరసగా తిరిగొచ్చారు. ముగ్గురూ తెరమీద వేలు పెట్టి తమ పేర్లు చూసుకున్నారు.

"నీది తీసెయ్ ముందు," అన్నాడు పెద్దాయన, నవ్వకుండానే.

తీసేశాను. పేరుకు తగ్గ పని చేసినందుకు, ఆ పేరే పోగొట్టుకొని బతికిపోయాను.

– ఒక ఎర్రిస్వామి, బళ్ళారి