బొంత కింది చెయ్యి

నా ఒంట్లో ఏదో తేడా ఉందని మొదట కనిపెట్టింది మహబూబీ. పక్కింటి జైనబక్క కూతురు. అప్పటికి దానికి ఎనిమిదేళ్ళు ఉంటాయేమో. మధ్యాహ్నం పూట మా ఇంటి అర్రలో వాడకట్టు ఆడవాళ్ళం, పిల్లలతో బొంత పరుచుకుని కూర్చున్నాం. పైన నా కుడిచేతిలో సూది నడుస్తోంది. కింద ఎడమచెయ్యి బట్టకు ఆనించి ఉంది. వరుస పూర్తయి చెయ్యి తీయబోతే బొంత కూడా పైకి లేచింది. మహబూబీ వంగి కిందికి చూసింది.

"సత్తెక్కా, నీ చిటికెనేలు బొంతకు కుట్టుకున్నవ్," అంది.

నిజమే. వేలి పక్క చర్మంలోంచి దారం పోయింది. బట్ట మీద రక్తపు చుక్క ఎండిపోయి కూడా ఉంది. పిల్లలంతా నవ్వారు. జైనబక్క పళ్ళతో దారం కొరికి వేలు విడిపించింది.

"ఏం చెయ్యే నీది, బర్రె తోలా? నాకైతే పానం పోయేది."

నేనూ నవ్వాను. ఆ రోజుల్లో అది నా గొప్ప కిందే లెక్క. ఎంత మందపు పొరలైనా సత్తెమ్మ చెయ్యి వెనక్కి తీయదని వాడకట్టు ఆడవాళ్ళు చెప్పుకునేవారు. నొప్పి తెలియకపోవడాన్ని అందరం పనితనం అనుకున్నాం.

మాది మోత్కూరు దగ్గరి ఊరు. మాకు బొంత అవసరమే గాని సరదా కాదు. అది సరదాగా మారింది రజాకార్ల గడబిడ రోజుల్లోనే. ఒక దిక్కు సంఘం వాళ్ళు, ఒక దిక్కు పోలీసు క్యాంపు. పిల్లల్ని వీధిలోకి పంపలేము, ఇంట్లో కట్టేసి ఉంచలేము. నోరు మూసుకుని కూర్చోమంటే వినని పిల్లలు చేతికి సూది ఇస్తే విన్నారు. పాత చీరలు, చిరిగిన ధోవతులు పొరలుగా పరిచి, మూలల మీద రాళ్ళు పెట్టి, చుట్టూ కూర్చునేవాళ్ళం. పెద్దలు అంచుల నుంచి కుట్టుకుంటూ వస్తే పిల్లలు నడిమి వరుసలు కుట్టేవారు. వాళ్ళ వంకర కుట్లను మా అత్త కోడికాళ్ళు అనేది. "ఏ కోడి నడిచిందే గిక్కడ?" అని అడిగితే ఆ పిల్లవాడు సిగ్గుపడి, మరుసటి వరుస ఇంకా వంకరగా కుట్టేవాడు. మాకు పిల్లలు లేరు. ఆ మధ్యాహ్నాలు నాకు ఎంత అవసరమో నేను ఎవరికీ చెప్పుకోలేదు.

నేను బడికి పోయినదాన్ని కాదు. మా అన్న పలక పట్టుకుని అక్షరాలు నేర్చుకుని, మా ఊళ్ళో పెట్టిన చిన్న గ్రంథాలయంలోని పుస్తకాలన్నీ చదివాను. దానికి తాళం పడ్డాక పుస్తకాలు కొన్ని ఇళ్ళలోకి చేరాయి. మా వాటాకు వచ్చినవి జొన్నల గుమ్మిలో ఉండేవి. వాటిలో ఒక గృహవైద్యం పుస్తకం ఉంది. తిమ్మిరికి వాతం కారణమని అందులో రాసి ఉంటే, ఆముదం కాచి రాసుకున్నాను. మోచేతి కింద రూపాయంత పాలిపోయిన మచ్చ ఉంది. దాని గురించి ఆ పుస్తకంలో ఏమీ లేదు కాబట్టి నేను కూడా పట్టించుకోలేదు. మా ఆయన భువనగిరి డాక్టరుకు చూపిద్దామన్నాడు గాని బాటలో బండ్లను ఆపి సోదాలు చేస్తున్నారు. రేపు, ఎల్లుండి అంటూ నెలలు పోయాయి. ఉంగరపు వేలు, చిటికెన వేలు మెల్లగా లోపలికి వంగసాగాయి.

తర్వాత పోలీసు చర్య జరిగింది. మిలిటరీ వచ్చింది, క్యాంపు పోయింది. మంచి రోజులు వచ్చాయనుకుంటుండగానే చుట్టుపక్కల ఊళ్ళలో ముస్లింల ఇళ్ళ మీద గుంపులు పడడం మొదలైంది. జైనబక్క భర్త దర్జీ. ఎవరి జోలికీ పోయిన మనిషి కాదు. అయినా ఆ ముగ్గురినీ మా ఆయన మా జొన్నల అర్రలోకి తెచ్చాడు.

"మనింట్ల దొరికితే మన గతేందిరా?" అంది మా అత్త.

"దొరికినప్పుడు చూస్తం తియ్యే."

వీధిలో అడుగుల చప్పుడైతే పిల్ల ఏడుస్తుందేమోనని భయం. అందుకని ఆ ఇరుకులో కూడా బొంత పరిచాం. మహబూబీ తలెత్తకుండా కుట్టింది. బట్టలోంచి దారం లాగే చప్పుడు ఒక్కటే వినపడేది.

అలాంటి ఒక పొద్దున పొయ్యి మీది జొన్నగటక కుండను ఉత్త చేతులతో పట్టుకుని లోపలికి తెచ్చాను. కుండ దించాక, చర్మం కాలిన వాసనకు జైనబక్క ముక్కు ఎగబీల్చింది. నా ఎడమచెయ్యి పట్టుకుని కిటికీ సందులోంచి పడే వెలుతురులోకి తిప్పింది. రెండు వేళ్ళ చర్మం ఊడి వచ్చింది. నాకు తెలియలేదు. ఆమె చెయ్యి ఇంకా పైకి తిప్పి, మచ్చను చూసి, సూది మొన ఆనించింది.

"కుచ్చుతున్న, తెలుస్తాందా?"

"లేదక్కా."

"ఇది వాతం కాదు సత్తెమ్మా. మా మామకు గిట్లనే మొదలైంది. పెద్దరోగం," అంది. తర్వాత మహబూబీని తన అవతలి పక్కకు జరుపుకుంది. "నన్ను తిట్టుకుంటవో ఏమో తిట్టుకో. జర దూరం కూసుంటం."

ఆ అర్రలో దూరం కూర్చోవడానికి జాగా లేదు.

నాకు కోపం రాలేదని చెబితే అబద్ధం. కాని నాకు నిజం చెప్పిన మొదటి మనిషి ఆమె. మా ఇంట్లో తలదాచుకున్న సమయంలో ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలో తర్వాత ఆలోచిస్తే తెలిసింది.

బాటలు తెరిపిన పడ్డాక మా ఆయన నన్ను ఆలేరు దాకా బండిలో, అక్కడి నుంచి రైలులో తీసుకుపోయాడు. సికింద్రాబాదులో రైలు మారాం. ఊరికి దూరంగా, చింతచెట్ల మధ్య ఉండే కుష్టు దవాఖాన అది. డాక్టరమ్మది కోస్తా వైపు మాట.

"కళ్ళు మూసుకోమ్మా. నేను దూదితో తాకినచోట నీ వేలు పెట్టు."

కళ్ళు మూసుకుని ఎదురుచూశాను. ఎంతకీ ఏమీ జరగలేదు.

"ఎప్పుడు మొదలుపెడతరమ్మా?"

"అయిపోయింది," అందామె.

మోచేతి వెనక తడిమి, "నెర్వ్ తాడులా లావైంది చూడు," అని నా వేలితోనే నాకు చూపించింది. చెవి తమ్మెకు చిన్న గాటు పెట్టి, క్రిమి ఉందో లేదో చూడడానికి స్మియర్ తీశారు. పాజిటివ్ అన్నారు. మా ఆయన వరండాలో కూర్చుని బీడీ కూడా ముట్టించలేదు. "బతికుంటే బొంతలు ఎన్నైనా కుట్టుకోవచ్చు. ఉండు," అని చెప్పి మరునాడు రైలెక్కాడు.

ఆ దవాఖానలో రెండేళ్ళకు పైగా ఉన్నాను. మొదట నూనె ఇంజెక్షన్లు. ఇచ్చినచోట గడ్డలు కట్టి కూర్చోనిచ్చేవి కావు. తర్వాత సల్ఫోన్ టాబ్లెట్లు వచ్చాయి. కొత్త మందు అన్నారు, అందరం ఆశపడ్డాం. నాకు కొంతకాలానికే రియాక్షన్ వచ్చింది. జ్వరం, ముఖం మీద ఎర్రని గడ్డలు, మోచేతిలో నిప్పు పెట్టినట్టు పోటు. ఇన్నాళ్ళూ నొప్పి తెలియని చేతికి నొప్పి వచ్చిందని సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

"రియాక్షన్ అంటే మందు పనిచెయ్యలేదని కాదమ్మా. కొన్నాళ్ళు ఆపి, తక్కువ డోసుతో మళ్ళీ మొదలుపెడదాం," అంది డాక్టరమ్మ. ఒంట్లో రక్తం తగ్గిందని టానిక్ ఇచ్చారు. మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ ఆపారు. ఆ రోజుల గురించి రాయడానికి నాకు ఎక్కువ లేదు. పొద్దున గంట కొడతారు, వరుసలో నిలబడతాం, మింగుతాం, వచ్చి పడుకుంటాం.

అక్కడ కూడా ఒక పుస్తకాల బీరువా ఉంది. ఈ రోగం పాపం వల్ల వచ్చేది కాదని, కంటికి కనపడని క్రిమి వల్ల వస్తుందని, అది క్షయ క్రిమికి దాయాది లాంటిదని, దాన్ని మొదట కనిపెట్టింది నార్వే దేశపు వైద్యుడని అందులో చదివాను. చదివింది వార్డులో అందరికీ చెప్పాను. "పంతులమ్మా, మరి ఆ నార్వేల మంచిగైతరా?" అని ఒక ముసలమ్మ అడిగింది. అది పుస్తకంలో లేదు.

ఊరికి పోయే సంగతిలో నేను అడిగేది ఒక్కటే అని డాక్టరమ్మకు చెప్పాను. పిల్లలతో కూర్చుని కుట్టవచ్చా? "ముందు నీ చేతిని కాపాడుకో," అంది ఆమె. "సూది నీకు శత్రువు. గుచ్చుకుంటే తెలియదు, అల్సర్, అంటే మానని పుండు, అవుతుంది, వేలు పోతుంది." చాలాకాలం సూది ముట్టనివ్వలేదు. ఆఖరికి వేళ్ళకు నూనె రాసి సాగదీయించే కాంపౌండరు ఒక ఉపాయం చెప్పాడు. బట్టను చెక్కపలక మీద పరవాలి. ఎడమచెయ్యి కిందికి పోకూడదు, పైనే కళ్ళ ముందు ఉండాలి. ప్రతి వరుసకు ఒకసారి ఆగి రెండు చేతులూ తిప్పి చూసుకోవాలి. ఇంతకుముందు వేలు చెప్పే సంగతి ఇప్పుడు కన్ను చెప్పాలి. నా కుట్లు పిల్లల కుట్లకన్నా అధ్వానంగా వచ్చాయి.

స్మియర్ వరుసగా నెగెటివ్ వచ్చాక పంపించారు. మందు మాత్రం ఇంకా వాడాలన్నారు. ఇంట్లో నాకు వేరే కంచం, వేరే చెంబు. అత్త చెడ్డది కాదు. కంచం దూరం నుంచి జరిపి, తర్వాత తానే కళ్ళు తుడుచుకునేది. వాడకట్టు పిల్లలు మా వాకిలి ముందు పరుగెత్తుకుపోయేవారు. తల్లులు అలా చెప్పి ఉంటారు.

జైనబక్క కుటుంబం ఊళ్ళోనే ఉంది. ఒకరోజు ఆమె వచ్చి గడప బయట నిలబడింది. ఇంకెవరూ అడగనిది ఆమె అడిగింది.

"నా పిల్లకు అంటదా? ఒట్టేసి చెప్పు."

పుస్తకాల్లో చదివినవన్నీ నోటిదాకా వచ్చాయి. అవేవీ చెప్పలేదు. "ఇప్పుడు నాలో క్రిమి కనపడ్త లేదని డాక్టరమ్మ చెప్పింది. మందు మింగుతున్నంత కాలం భయం లేదన్నది. నేనైతే ఒట్టెయ్యలేనక్కా. నీ పిల్ల మీద నేనెట్ల ఒట్టేస్త?"

ఆమె తల ఊపి వెళ్ళిపోయింది. ఇక రాదనుకున్నాను.

కొన్నాళ్ళకు చంకలో పాతబట్టల మూటతో వచ్చింది. వెనక మహబూబీ. చేతికి అందొచ్చేంత ఎదిగింది. నేను పలక ముందు కూర్చున్నాను. జైనబక్క మా ఇద్దరి మధ్య బైఠాయించింది. "నేను నడుమ కూసుంట," అంది. నేను సరేనన్నాను. చాలా మధ్యాహ్నాలు అలాగే గడిచాయి. ఆమె భుజం మీదుగా మహబూబీ నాకు దారం అందించేది, నేను అందుకునేదాన్ని. మేము పెద్దగా మాట్లాడుకోలేదు. నాకు అలసటగా ఉండేది, ఆమెకు భయంగా ఉండేది.

ఒకరోజు బయట ఆరేసిన బొంత మూలను మేక నములుతుంటే జైనబక్క లేచి పోయింది. మహబూబీ తన వరుస నా దిక్కు వచ్చేసరికి జరిగి నా మోకాలికి ఆనుకుని కూర్చుని కుట్టుకోసాగింది. జైనబక్క తిరిగి వచ్చి గడపలో ఆగింది. పిల్లను చూసింది, నన్ను చూసింది. నేను చెయ్యి కదపలేదు.

"జరుగే," అంది కూతురితో. మహబూబీ ఇంకొంచెం నా వైపే జరిగింది. జైనబక్క దాని అవతల కూర్చుని సూది తీసుకుంది.

ఇప్పుడు మహబూబీకి పెళ్ళయి నల్లగొండలో ఉంటోంది. నా రెండు వేళ్ళు వంగినవి వంగినట్టే ఉన్నాయి, తిమ్మిరి పోలేదు. పనికి తొందరగా అలసిపోతాను. మధ్యాహ్నాలు మా వాకిట్లో పిల్లలు, తల్లులు కూర్చుంటారు. రెండు మూడు ఇళ్ళ వాళ్ళు ఈనాటికీ పిల్లల్ని పంపరు. నేను అడగను. పోయిన యేడు కుట్టిన బొంత ఒకటి మా అత్త కప్పుకుంటోంది.

చదివేవారికి చెప్పగలిగింది ఒకటే. ఒంటి మీద పాలిపోయిన మచ్చ కనపడితే పుస్తకం తీయకండి. కళ్ళు మూసుకుని, ఇంట్లోవాళ్ళ చేత దూదితోనో కోడి ఈకతోనో తాకించుకోండి. ఎక్కడ తాకారో వేలు పెట్టి చూపలేకపోతే ఆ వారంలోనే దవాఖానకు పోండి. నొప్పి పుట్టాక చూద్దామనుకోవద్దు. ఆ మచ్చకు నొప్పి పుట్టదు.