ఫ్యూజు లేని బయాస్

దయ్యాలంటే నాకు నవ్వు. మందస హైస్కూల్లో ఇరవై ఏళ్లు ఫిజిక్స్ చెప్పినవాణ్ణి. స్టాఫ్ రూములో ఎవరైనా గాలి, ధూళి అని మొదలెడితే కసిరి లేచిపోయేవాణ్ణి. అందుకే ఇది రాయాలంటే సిగ్గుగా ఉంది.

మాది అక్కుపల్లి దగ్గర ఊరు. ఫోన్లు లేకున్నా దూరాలకి మాట్లాడే హ్యామ్ రేడియో లైసెన్సు నాకుంది, నేనే కట్టుకున్న పాత వాల్వు ట్రాన్స్‌మిటరుంది. ఆ వాల్వులో కరెంటుని అదుపుచేసే గ్రిడ్ అనే తీగకి ముందుగా కాస్త మైనస్ వోల్టేజి అందాలి. దాన్నే బయాస్ అంటాం. అది లేకుండా పెద్ద వోల్టేజి ఇచ్చామా, లోపలి ప్లేటు ఎర్రగా కాలిపోతుంది. వాల్వు ఇక పనికిరాదు.

ఆమధ్య తుఫానుకి కొబ్బరిచెట్లు రోడ్డుకి అడ్డంగా పడ్డాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు. మా అక్కకి కిడ్నీలు పాడయ్యాయి. పలాసలో చేయించే డయాలసిస్ రెండుసార్లు తప్పిపోయింది. ఐదో రోజు మధ్యాహ్నానికి మొహం, కాళ్లు ఉబ్బిపోయి, పడుకోలేక గోడకి చేరగిలబడి కూర్చుంది.

"ఒరే తమ్ముడా, ఊపిరి అందట్నేదురా. నీ డబ్బా పలుకుతాదా, నేదా?"

"పలుకుతాదక్కా, ఉండు" అన్నాను గానీ, కరెంటు లేనిదే అది పలకదు.

ఐస్ ఫ్యాక్టరీ వాళ్లు ఒక గంట జనరేటర్ ఇస్తామన్నారు. నా దగ్గరున్నది ఒక్కటే వాల్వు. అది పోతే అక్క దక్కదు.

బయాస్ పూర్తిగా అందేలా నాబ్ చివరికంటా తిప్పి ఉంచి, పెద్ద వోల్టేజి స్విచ్ వేశాను. వాల్వు కరెంటు చూపే మీటరు సూది లేవలేదు, అంటే బయాస్ అందుతున్నట్టే. నాబ్ మెల్లగా వెనక్కి తిప్పితే సూది మెల్లగా లేచి, నాకు కావలసిన గీత దగ్గర ఆగింది. హమ్మయ్య అనుకున్నాను. టెక్కలిలో నా హ్యామ్ మిత్రుడు రెండో పిలుపుకే దొరికాడు. అరగంట మాట్లాడాం. ఆయన అధికారుల దగ్గరికి పరుగెత్తాడు. సాయంత్రానికి చెట్లు కోసే మనుషులతో జీపు వచ్చింది. మా ఆవిడ తోడుగా అక్కని పలాస తీసుకెళ్లింది.

వాళ్లు వెళ్లాక బల్ల సర్దుతుంటే బయాస్ ఫ్యూజు కనిపించింది. ఉప్పుగాలికి తుప్పు పడుతుందని పొద్దున్న తీసి తుడిచి అక్కడ పెట్టింది నేనే. జనరేటర్ హడావిడిలో మళ్లీ పెట్టడం మరిచిపోయాను. ఓరి నాయనో! హోల్డరు విప్పి చూశాను. ఖాళీ. ఆ ఫ్యూజు లేకపోతే గ్రిడ్‌కి బయాస్ వచ్చే దారే లేదు.

కరెంటు, ఫోన్లు వచ్చాక టెక్కలి మిత్రుడికి చెప్పాను. "ఎక్కడో లీకేజీ అయ్యి బయాస్ అందుంటాది మాస్టారూ, బుర్ర పాడుసేసుకోకండి" అన్నాడు. నేనూ అలాగే సర్దిచెప్పుకోబోయాను. మనసు ఊరుకుంటేనా?

అక్క కూడా ఇంటికొచ్చాక, ఇక వాల్వు పోయినా ఫరవాలేదనుకుని, ఫ్యూజు లేకుండానే అదే వరసలో స్విచ్చులు వేశాను. సూది ఎగిరి చివర కొట్టుకుంది. నాబ్ ఎటు తిప్పినా దిగలేదు. ప్లేటు నిప్పుకణికలా ఎర్రబడింది. తేరుకుని స్విచ్ ఆపేలోపే వాల్వు పోయింది.

తుఫాను తర్వాత ఆ మధ్యాహ్నం అరగంట పాటు సూది నా నాబ్ మాట ఎలా విందో నాకు ఇప్పటికీ అంతుచిక్కలేదు. ఆ రోజే కాలిపోవలసిన వాల్వు అది. కాలిపోయి ఉంటే అక్క లేదు. తలచుకుంటే భయమేస్తోంది. దండం పెడదామంటే ఎవరికి పెట్టాలో తెలియడం లేదు.