ఊరికే ఉండాల్సిన మూడో సర్వరు

మా పక్క గదిలో ఉండే పరుశురాం పాండేసర అనే మిల్లుల పేటలో ఒక అద్దకం మిల్లులో కంప్యూటర్లు చూసుకుంటాడు. అదే మిల్లులో వాళ్ల నాన్న మొండయ్య రోజుకూలీగా ఉండేవాడు. సిరిసిల్ల వైపు నుంచి వచ్చి రంగు యంత్రాల దగ్గరే ముసలివాడయ్యాడు. ఎన్నేళ్లయినా పర్మనెంటు చేయలేదు.

ఏ రంగు రావాలంటే ఏ పొడి ఎంత కలపాలో, ఆ వివరాలన్నీ మిల్లులో ఒకే ఒక్క పాత సర్వరులో ఉండేవి. అది మొరాయించిన రోజు రంగులు కలిపే మాస్టర్లు చేతులు కట్టుకుని కూర్చునేవాళ్లు. కూలీలను గేటు నుంచే వెనక్కి పంపేవాళ్లు. తండ్రి సైకిలు తోసుకుంటూ మధ్యాహ్నానికే ఇంటికొస్తే పరుశురాంకు ముద్ద దిగేది కాదు. అందుకే కొత్త సర్వర్లు ఎంచే పని తన చేతికొచ్చినప్పుడు ప్రాణం పెట్టి చేశాడు.

ఒకే రకానివి మూడు తెప్పించాడు. ఒక్కోదానికి రెండేసి కరెంటు లైన్లు, జంట డిస్కులు. బాయిలరు వేడి తగలని గది కోసం గోదాము వాళ్లతో పోట్లాడాడు. రెండు సర్వర్లు పని చేస్తాయి, మూడోది ఊరికే ఉంటుంది. ఆ రెండింట్లో ఏది పడిపోయినా మూడోది దాని పని అందుకుంటుంది. అంత తెలివిగా ఎంచాడు, ఏం లాభం!

ఒకరోజు మిల్లు యజమాని సేఠ్ చూడటానికొచ్చి, మూడోది ఏం చేస్తోందని అడిగాడు. ఏమీ చేయదని పరుశురాం చెప్పాడు. సేఠ్ తిట్టలేదు. సర్వరు వంకా వీడి వంకా ఒకసారి చూసి వెళ్లిపోయాడు.

ఇంకొకడైతే ఆ చూపును దులిపేసుకునేవాడు. వీడు సొంతూళ్లో మగ్గాల మధ్య పెరిగినవాడు. మగ్గం ఆగిందంటే ఇంట్లో పొయ్యి వెలగదని వాడికి పసితనం నుంచే తెలుసు. ఇంటికొచ్చి తండ్రితో చెప్పుకున్నాడు.

"మిషన్‌ను గట్ల ఖాలీగ నిలవెడ్తరా బిడ్డా? జర ఏదన్న పని పెట్టు. సేఠ్ కండ్లల్ల పడ్డవ్," అన్నాడు మొండయ్య.

"ఊకె ఉండుడే దాని పని బాపూ."

"గదేం పనిరా!" అని మొండయ్య నవ్వాడు. తల్లి బుచ్చవ్వా నవ్వింది.

మర్నాడే పరుశురాం కెమెరాల రికార్డింగు దాని మీదికి ఎక్కించాడు. తర్వాత గోదాము లెక్కలు. చిన్న పనులే కదా అనుకున్నాడు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మే నెల ఎండలకు ఒక సర్వరు పడిపోయింది. మూడోది దాని పని అందుకుంది గానీ, అప్పటికే దానికి పీకల దాకా పని ఉంది. కాసేపటికి అదీ పడింది. భారమంతా మీద పడి మిగిలిన ఒక్కటీ ఆగిపోయింది. రంగు కొలతలు అందక యంత్రాలు మధ్యలోనే ఆగి, వాటిలో ఉన్న గుడ్డంతా మచ్చలు పడింది. పరుశురాం తంటాలు పడి అన్నీ మళ్లీ నిలబెట్టేలోపు పెద్ద ఆర్డరు వేరే మిల్లుకు పోయింది. సేఠ్ ఒక షిఫ్టు మూసేశాడు.

తనను తీసేస్తారని పరుశురాం ఎదురుచూశాడు. తీసేస్తే బాగుండునని కూడా అనుకున్నాడు. తీయలేదు, సర్వర్లు చూడటానికి మనిషి కావాలి కదా. మూసేసిన షిఫ్టు మొండయ్యది.

"నీ నౌకరి ఉన్నది, గంతె చాలు బిడ్డా," అన్నాడు మొండయ్య. ఆ మాటకు పరుశురాం వెక్కి వెక్కి ఏడ్చాడు.

తెల్లారి బుచ్చవ్వ అలవాటుగా రెండు డబ్బాలు కట్టింది. ఒకటి పట్టుకుని పరుశురాం మిల్లుకు పోయాడు. రెండోది పక్కన పెట్టుకుని మొండయ్య గడపలో కూర్చున్నాడు. మిల్లులో అన్నం గంట కొట్టే వేళ దాకా ఆగి, అప్పుడు మూత తీశాడు.