టార్నీట్ మైదానంలో నేను చెప్పిన కామోగీ పాఠం

అది మొదలైంది మార్చి నెల రెండో ఆదివారం, ఉదయం తొమ్మిదీ ఇరవైకి. మా వంటింటి గడియారం నాలుగు నిమిషాలు ముందు నడిచేది, ఆ నాలుగూ తీసేసే చెబుతున్నాను. ఆ రోజుల్లో తీసివేతలు చేసుకోవడానికి నాకు గడియారాలు తప్ప ఇంకేమీ ఉండేవి కావు. తెనాలిలో ముప్పై ఒక్క ఏళ్ళు హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పి, రిటైరై, ఆయన పోయిన తర్వాత టార్నీట్‌లో కూతురింటికి వచ్చి అప్పటికి నాలుగు నెలలు. వయసు అరవై ఒకటి. కానీ కొత్త దేశంలో మనిషి వయసును విమానం దిగిన రోజు నుంచి లెక్కపెట్టాలని నా అభిప్రాయం. రోడ్డు దాటడం దగ్గర నుంచి చలికి బట్టలు వేసుకోవడం దాకా, ఎవరైనా పలకరిస్తే ఏం జవాబు చెప్పాలో దాకా, అన్నీ మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాలి కదా. ఆ లెక్కన ఇది నా చిన్ననాటి ముచ్చటే.

ఇంట్లో నలుగురం ఉండేవాళ్ళం, కానీ నలుగురం ఒక్కసారి ఉన్న గుర్తు లేదు. మా అమ్మాయి ఆసుపత్రిలో నర్సు, ఏ రోజు ఏ షిఫ్టో ఆమెకే తెలిసేది కాదు. అల్లుడుగారు మేడ మీద గదిలో హెడ్‌ఫోన్ పెట్టుకుని రోజంతా ఎవరెవరితోనో మాట్లాడేవారు. కిందికి దిగేసరికి ఆయన దగ్గర మాటలు మిగిలేవి కావు. పదమూడేళ్ళ మనవరాలికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది, అదీ ఒక్క ముక్కలో. స్కూలెలా ఉంది అంటే "గుడ్." ఏం తింటావు అంటే "ఎనీథింగ్." ఏమైంది అంటే "నథింగ్." మధ్యాహ్నం పూట వీధిలోకి వెళ్తే ఒకేలా కట్టిన ఇళ్ళూ, ఒకేలా మూసిన గ్యారేజీ తలుపులూ, గాలీ. ఒకసారి పార్సిల్ తెచ్చిన కుర్రాణ్ణి, కాస్త కాఫీ తాగుతావా బాబూ అని అడిగాను. అతను కంగారుపడి ఫోటో తీసుకుని వెళ్ళిపోయాడు (పార్సిల్‌ది, నాది కాదు).

అటువంటి రోజుల్లో, ఆ ఆదివారం, మనవరాలు ఒక చేత్తో ఇనుప జాలీ ఉన్న హెల్మెట్టూ, ఇంకో చేత్తో చివర వెడల్పుగా చెక్కిన కర్రా పట్టుకుని మెట్లు దిగింది. అమ్మ డ్యూటీలో ఉంది, నాన్న కాల్‌లో ఉన్నాడు, ఒంటరిగా వెళ్ళడానికి ఒప్పుకోరు. "అమ్మమ్మా, కెన్ యు వాక్ మి టు ద గ్రౌండ్?" అంది. నేను చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా బయలుదేరాను. మైదానం స్టేషన్ అవతల, ఇరవై అయిదు నిమిషాల నడక. మొదటి పది నిమిషాలు ఆ పిల్ల ముందు, నేను వెనక. తర్వాత నేను ఆ కర్ర చూసి, "ఏ ప్లేస్‌లో ఆడతావమ్మా హాకీ?" అన్నాను.

ఆ పిల్ల ఆగిపోయింది. "ఇది హాకీ కాదు అమ్మమ్మా. కామోగీ. ఐరిష్ గేమ్. బాయ్స్ ఆడితే హర్లింగ్. ఇట్స్ టోటల్లీ డిఫరెంట్." అక్కడి నుంచి మైదానం దాకా ఆపకుండా మాట్లాడింది. బంతిని నేల మీద నుంచి చేత్తో తియ్యకూడదట, కర్రతో లేపాలట, లేపాక చేత్తో పట్టుకోవచ్చట, కానీ పట్టుకుని నాలుగడుగులకు మించి నడవకూడదట. ఇందులో సగం తెలుగులోనే చెప్పింది, ఎందుకంటే నాకు అర్థం కాకపోతే తనకి నచ్చడం లేదు. నాలుగు నెలల్లో ఆ పిల్ల నోటి నుంచి "ఎందుకంటే" అన్న మాట వినడం నాకు అదే మొదలు.

మామూలు రోజుల్లో అక్కడ ఫుటీ, అంటే ఆ దేశపు ఫుట్‌బాల్, ఆడతారు. ఆదివారం పూట రెండు చివర్లా హెచ్ అక్షరం ఆకారంలో తాత్కాలికంగా స్తంభాలు నిలబెట్టి, మధ్య అడ్డకర్ర కింద వల కడతారు. స్తంభాల పక్కన తెల్లకోట్లు వేసుకున్న ఇద్దరు నిలబడి ఉన్నారు. అంత పెద్ద దెబ్బలు తగులుతాయా, ముందే కాంపౌండర్లను పెట్టుకున్నారు అనుకున్నాను (వాళ్ళు అంపైర్లు). బంతి అడ్డకర్ర మీదుగా ఎగిరి వెళ్ళింది. నేను లేచి చప్పట్లు కొట్టాను. తెల్లకోటాయన తెల్లజెండా ఊపాడు. కాసేపటికి ఇంకో బంతి అడ్డకర్ర కిందుగా దూసుకెళ్ళి వలలో పడింది. పాపం, ఎత్తు సరిపోలేదు అని నేను నాలుక చప్పరించాను. అప్పుడు ఆకుపచ్చ జెండా లేచింది, మైదానమంతా గెంతింది. నా పక్కన ఊలు టోపీ పెట్టుకున్న ఒక ఐరిష్ పెద్దావిడ (నా కంటే పదేళ్ళు పెద్ద, ఆ జట్టు బాగోగులన్నీ ఆవిడే చూసేది) నన్ను వింతగా చూసింది. రేడియో కామెంటరీ వింటూ పెరిగినదాన్ని. బంతి గాల్లో దాటితే ఆరు, నేల మీద దాటితే నాలుగు. పైనుంచి పోయిందానికే ఎక్కువ విలువ అన్నది నా రక్తంలో ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు మనవరాలు నవ్వీ నవ్వీ చెప్పింది. "పైన ఈజీ అమ్మమ్మా. పైన ఎవరూ ఆపరు. కింద కీపర్ ఉంటుంది కదా. అందుకే పైనుంచి వెళ్తే వన్ పాయింట్. కింద గోల్ అంటే త్రీ." ఎంత న్యాయమైన లెక్క అనిపించింది. స్కోరు కూడా కలిపి చెప్పరు. రెండు గోల్స్, అయిదు పాయింట్లు అని విడివిడిగా చెబుతారు, కూడుకోవడం వినేవాళ్ళ పని. ముప్పై ఒక్క ఏళ్ళు పిల్లల చేత కూడికలు చేయించినదాన్ని, ఇటువంటి ఆట ఒకటి ఉందని నాకెవరూ చెప్పలేదే అనుకున్నాను.

ఆ తర్వాత ప్రతి ఆదివారమూ వెళ్ళాం. మే నెల వచ్చేసరికి నాకు రూల్సన్నీ వచ్చేశాయి. అయినా దారిలో అడుగుతూనే ఉండేదాన్ని. "అవునూ, కర్రని ఎదుటివాళ్ళ కర్రకి అడ్డం పెట్టొచ్చా?" అంటే ఆ పిల్ల విసుక్కుంటూ, "లాస్ట్ వీక్ కూడా చెప్పా కదా" అని మళ్ళీ మొత్తం చెప్పేది. ఆట గురించి చెబుతూ చెబుతూ స్కూల్లో ఎవరు మాట్లాడటం మానేశారో, పుట్టినరోజుకి తనను ఎవరు పిలవలేదో కూడా చెప్పేది. ఇంటి గుమ్మం దగ్గరికి రాగానే హెల్మెట్ తీసినట్టు తెలుగు కూడా తీసేసి మేడ మీదికి వెళ్ళిపోయేది. మిగిలిన ఆరు రోజులూ "గుడ్", "నథింగ్".

జూన్‌లో, అంటే అక్కడ చలికాలం మొదట్లో, టోపీ ఆవిడ నన్ను పక్కకి పిలిచింది. ఆవిడ ఇంగ్లీషు నాకు మూడు వంతుల్లో రెండు వంతులే అర్థమయ్యేది, కానీ ఆ రోజు అంతా అర్థమైంది. అమ్మాయిలు చాలడం లేదు. కనీసం ఇంకో నలుగురు చేరకపోతే జట్టును ఎత్తేసి, ఉన్నవాళ్ళను ఊరికి అవతలి చివర ఉన్న జట్టులో కలిపేస్తారు. అవతలి చివర అంటే కారులో గంట. నాకు కారు రాదు. ఎవరి కారులోనో మనవరాలు వెళ్తుంది, నేను వంటింటి గడియారం కింద కూర్చుంటాను. ఇదంతా నేను ఆవిడతో అనలేదు. "మీ వాళ్ళు చుట్టుపక్కల ఇంతమంది ఉన్నారు కదా. ఒక రోజు బార్బెక్యూ పెడతాను. మీ భాషలో మీరే ఆట గురించి చెప్పండి, టీచరు కదా మీరు" అంది ఆవిడ. ఆ మాట విన్నాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రిటైరయ్యాక నన్నెవరూ టీచరని పిలవలేదు.

ఎనిమిది తెలుగు కుటుంబాలు వచ్చాయి. పక్క పేటలైన వెర్రిబీ నుంచి, ట్రుగనీనా నుంచి, మా వీధి నుంచి. శాకాహార సాసేజీలు వేరే పెనం మీద వేయించాం, ఆ సంగతి పెద్ద అక్షరాలతో రాసి మరీ పెట్టాం. ఏర్పాటు ఏమిటంటే, స్కోరు రాసే తెల్లబోర్డు పక్కన నిలబడి నేను రూల్ చెబుతాను, మనవరాలు కర్రతో చేసి చూపిస్తుంది, తర్వాత పిల్లలంతా తలా ఒక కర్ర పట్టుకుని మైదానంలోకి దిగుతారు. మొత్తం అరగంట.

నేను గొంతు సవరించుకున్నాను. "ఇది కామోగీ" అన్నాను.

ట్రుగనీనా నుంచి వచ్చిన ఒక తండ్రి, కరీంనగర్ వైపు మనిషి, చెయ్యెత్తాడు. "గిది హాకీ లెక్కనే ఉన్నది గద ఆంటీ?"

"కాదు బాబూ. హాకీలో బంతిని చేత్తో ముట్టుకోకూడదు. ఇందులో పట్టుకోవచ్చు, కర్ర మీద నిలబెట్టుకుని పరుగెత్తొచ్చు, గాల్లో ఉండగానే కొట్టొచ్చు."

"గాల్ల అంటే ఎంత ఎత్తుల?"

"తల ఎత్తులో."

ఆయన తన కూతుర్ని భుజం పట్టుకుని ఒక అడుగు వెనక్కి లాక్కున్నాడు.

వెర్రిబీ నుంచి వచ్చిన ఒక తల్లి, "దెబ్బలవీ తగలవు కదండీ?" అంది. అక్కడ లౌక్యం తెలిసినవాళ్ళు ఎవరున్నా, అబ్బే అనేసి ముందుకు పోతారు. నేను అడిగిన ప్రశ్నకు పూర్తి జవాబు చెప్పే అలవాటున్నదాన్ని. "తగులుతాయమ్మా. హెల్మెట్ ఉంది కాబట్టి పళ్ళకు భయం లేదు. వేళ్ళ సంగతి చెప్పలేను."

"అమ్మమ్మా, స్కిప్ ద ఫింగర్స్" అని గొణిగింది మనవరాలు.

సరే, వేళ్ళు వదిలేసి స్కోరు దగ్గరికి వచ్చాను. అసలు ప్రమాదం అక్కడుంది. గోలుకు మూడు, పాయింటుకు ఒకటి అని చెప్పి ఊరుకుంటే సరిపోయేది. కానీ అర్థమైందో లేదో చూడకుండా తర్వాతి పాఠానికి వెళ్ళడం నాకు చేతకాదు. బోర్డు మీద రాశాను. ఒక జట్టుకు రెండు గోల్స్, ఏడు పాయింట్లు. ఇంకో జట్టుకు ఒక గోల్, పది పాయింట్లు. "ఎవరు గెలిచారు?"

అందరి చూపూ బోర్డు మీదికి వెళ్ళింది. తర్వాత వెనక నుంచి ఒక పాప, "థర్టీన్, థర్టీన్. డ్రా" అంది.

"మా పాపే ముందు చెప్పింది" అంది వెర్రిబీ తల్లి.

"మా బిడ్డ మనసుల ముందే జేసిందండీ. దానికి జర సిగ్గు" అన్నాడు ట్రుగనీనా తండ్రి.

"అయితే ఇంకోటి ఇవ్వండి ఆంటీ, చూద్దాం" అంది ఆవిడ.

ఇచ్చాను. ఇవ్వకుండా ఎలా ఉంటాను? ఒక జట్టు మొత్తం పద్నాలుగు సాధించింది, ఎన్ని విధాలుగా సాధించి ఉండవచ్చు అని అడిగాను. పిల్లలు బోర్డు చుట్టూ మూగారు. తండ్రులు ప్లేట్లు గడ్డి మీద పెట్టి వేళ్ళు మడుస్తున్నారు. ఒకాయన ఫోన్ తీస్తే ఇంకొకాయన, "కాలిక్యులేటర్ చీటింగ్ బ్రో" అని లాక్కున్నాడు. (అయిదు విధాలు. సరిచూసుకోండి.) మూడో లెక్క, నాలుగో లెక్క. ఎన్నాళ్ళయిందో పిల్లలు నా మొహం వైపు అలా చూసి. టోపీ ఆవిడ పెనం దగ్గర నుంచి ఆ గుంపును చూసి నాకు బొటనవేలు ఎత్తి చూపించింది, నేనూ చూపించాను. ఆ సందడిలో ఎప్పుడో పక్కకి చూస్తే, మనవరాలు ఇంకా అక్కడే నిలబడి ఉంది. చేసి చూపించడానికి ఎత్తి పట్టుకున్న కర్ర నేలకు దించి, బస్సు కోసం ఎదురుచూసేవాళ్ళు గొడుగు మీద ఆనుకున్నట్టు దాని మీద ఆనుకుని ఉంది. "ఇదొక్కటీ చేసి వచ్చేస్తాను" అన్నాను. ఇంతలో వాన మొదలైంది.

వెళ్ళేముందు తల్లిదండ్రులు ఒక్కొక్కరే నా దగ్గరికి వచ్చారు. "ఆంటీ, మీరు ట్యూషన్ చెప్తారా? సెలెక్టివ్ స్కూల్లో సీటుకి ఎంట్రన్స్ ఎగ్జామ్ ఉంది కదండీ, మీలా చెప్పేవాళ్ళు ఇక్కడ దొరకరు" అంది వెర్రిబీ తల్లి. "మరి ఆట?" అన్నాను. ట్రుగనీనా తండ్రి చాలా మర్యాదగా, "ఆట తర్వాత చూద్దాం ఆంటీ. ఎగ్జామ్ అయినంక" అన్నాడు.

టోపీ ఆవిడ ఆశగా వచ్చి, ఎంతమంది చేరుతున్నారు అని అడిగింది. తొందరలో "పదకొండు" అన్నాను. ఆవిడ నన్ను గట్టిగా వాటేసుకుంది. ఆ పదకొండూ దేనికో వివరించడం ఆ రోజు నేను చెప్పిన పాఠాలన్నిటిలోకీ కష్టమైంది. ఆవిడ అంతా విని, టోపీ తీసి నీళ్ళు దులిపి మళ్ళీ పెట్టుకుంది.

తిరుగు దారిలో మనవరాలు స్టేషన్ దాకా మాట్లాడలేదు. నేను కూడా ఏ రూలూ అడగలేదు. స్టేషన్ దాటాక తనే అంది. "నువ్వు బాగానే చెప్పావు అమ్మమ్మా. దే లవ్డ్ యు. దే జస్ట్ డిడ్నాట్ లవ్ ద గేమ్." కాసేపటికి నా చెయ్యి పట్టుకుంది, రోడ్డు దాటడానికి. దాటాక వదిలేసింది.

జూలై మొదటి ఆదివారం నుంచి తను స్నేహితురాలి వాళ్ళ కారులో ఊరి అవతలికి వెళ్ళడం మొదలుపెట్టింది. సరిగ్గా అదే వేళకు మా గ్యారేజీలో పదకొండు మంది పిల్లలు చాపల మీద కూర్చునేవారు. మా అమ్మాయి ఎంత సంతోషించిందో, "అమ్మకి ఇప్పుడు బాగా టైంపాస్ అవుతోంది" అని అందరికీ చెప్పింది. మధ్యాహ్నం మనవరాలు మోకాళ్ళకు మట్టితో గ్యారేజీ పక్క నుంచి లోపలికి వెళ్తుంటే, మ్యాచ్ ఎలా జరిగింది అని అడిగేదాన్ని. "గుడ్" అనేది. తప్పు తనది కాదు. నాకు రూల్సన్నీ వచ్చని అప్పటికి తనకి తెలిసిపోయింది.

ఇప్పుడు ఆ అరవై ఒక్క ఏళ్ళ చిన్నపిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. జట్టును నిలబెట్టమని పంపిస్తే, కళ్ళజోడు సవరించుకుని, సాసేజీలు మాడిపోతున్నా పట్టించుకోకుండా, వానలో నిలబడి లెక్కలు ఇచ్చింది. ఒక్కటీ తప్పు ఇవ్వలేదు, అది మాత్రం ఒప్పుకోవాలి. పోయినవి ఇవి: పద్నాలుగు మంది అమ్మాయిల జట్టు ఒకటి. ఆ శీతాకాలంలో మిగిలిన తొమ్మిది ఆదివారాలు. ఒక్కో ఆదివారానికి పోను ఇరవై అయిదు నిమిషాలు, రాను ఇరవై అయిదు. ఆ నిమిషాల్లో మాత్రమే వినిపించిన తెలుగు.