గుమ్మం ముందు స్టీలు గిన్నె

ఎదురింటి అక్క పోయిందని మొన్న పొద్దున మా బిల్డింగ్ వాట్సాప్ గ్రూపులో చూశాను. డ్యూటీలో ఉండగానే గుండె ఆగిపోయిందట. కింద వరసగా దండాలు, ‘దేవతలాంటి మనిషి’ అన్న మాటలు. చదువుతుంటే ఒళ్ళు మండింది.

కాకినాడ వైపు నుంచి వచ్చి ఇక్కడ సౌదీలోని యాన్బులో నర్సుగా పనిచేసేది. మా ఎదురు ఫ్లాటే. మాది కడప. రంజాన్‌లో ఇఫ్తార్ వేళకు మా బిల్డింగ్‌లో ఇంటింటికీ గిన్నెలు తిరుగుతాయి. వచ్చిన గిన్నెను ఎవరూ ఖాళీగా తిప్పి పంపరు. అక్క క్రైస్తవురాలైనా ఆ నెలంతా పునుగులు వేసి, తన పేరు చెక్కిన స్టీలు గిన్నెలో పంపేది. “ఉపవాసం మీది, ఆకలి నాది,” అని నవ్వేది.

రెండేళ్ళ కిందట ఆమె పక్క ఫ్లాటులోకి సూడాన్ కుటుంబం దిగింది. వాళ్ళ గుమ్మానికి అక్క గిన్నె తప్ప ఒక్కటీ వెళ్ళలేదు. బయట సౌదీవాళ్ళెవరైనా చిటికేసి పిలిస్తే ఇంటికొచ్చి కుమిలిపోయే మనవాళ్ళే, ‘ఆ నల్లోళ్ళు’ అని ముక్కు మూసుకున్నారు. వంట వాసన భరించలేమని బిల్డింగ్ యజమానికి చెప్పి ఖాళీ చేయించాలనుకున్నారు. గోడ పక్కన ఉండేది అక్క కాబట్టి యజమాని ఆమెనే అడిగాడు. వచ్చీరాని అరబీలో, “ఆ వాసనకు నాకు ఆకలేస్తుంది బాబా,” అంది. వాళ్ళు ఉండిపోయారు.

కింది ఫ్లాటు హైదరాబాద్ పెద్దాయన మెట్ల మీదే నిలదీశాడు. “అందరం ఒక మాట అనుకున్నంక నువ్వెట్ల మారుస్తవమ్మా?”

“నేనెప్పుడు అనుకున్నానండీ? ఆళ్ళని రోడ్డు మీదకి తోసేసి, డ్యూటీకెళ్ళి ఏ మొహంతో రోగుల చెయ్యి పట్టుకోను?”

ఆనాటి నుంచి అక్కకు మా ఇంటి గిన్నె, సూడాన్ వాళ్ళ గిన్నె తప్ప ఇంకొకటి రాలేదు. ఇంజెక్షన్ కావాల్సి వస్తే మాత్రం అదే పెద్దాయన తలుపు తట్టేవాడు. ఆమె చేసేది. నాకు కోపం ఆగేది కాదు. “పోనీలే చెల్లీ, కొంచెం గట్టిగానే గుచ్చుతున్నాలే,” అనేది. అలా గుచ్చేది కాదని నాకు తెలుసు.

ఆమెను ఊరికి పంపే కాగితాలు ఇంకా కాలేదు. తలుపుకు తాళం. నిన్న ఇఫ్తార్ ముందు సూడాన్ ఆమె, తన దగ్గర ఉండిపోయిన అక్క గిన్నెను వేడి జావతో నింపి తెచ్చింది. ఆ గుమ్మం ముందు పెట్టి, మూత సరిచేసి, ఏడుస్తూ లోపలికి వెళ్ళింది. కాసేపటికి, గ్రూపులో దండాలు పెట్టినవాళ్ళు మసీదుకు బయలుదేరారు. గిన్నెకు కాలు తగలకుండా, అందరూ జాగ్రత్తగా పక్కనుంచి దిగిపోయారు.