జింక పేరు, గద్ద రెక్కలు

పీహెచ్‌డీ కోసం సింగపూర్ వచ్చిన మొదటి ఏడాది నేను క్లెమెంటిలో ఒక తెలుగు అంకుల్ ఫ్లాట్‌లో గది అద్దెకు తీసుకున్నాను. ఆయన తాతగారు శ్రీకాకుళం నుంచి మలయా రబ్బరు తోటలకు పనికి వెళ్ళినవారు. అంకుల్ పద్దెనిమిదేళ్ళ వయసులో సింగపూర్ వచ్చి, పాయా లేబర్‌లో ఒక షెడ్డులో కార్ల సొట్టలు తీసే పనిలో చేరారు. రిటైరయ్యేదాకా అదే పని. ఆంటీ పోయి చాలా కాలమైంది, కూతురు వంతెన దాటితే వచ్చే జొహోర్‌లో ఉండేది.

ఆ షెడ్డుకి అప్పట్లో అమెరికా కార్లు వచ్చేవట. వాటి మీద పడిన మనసు ఆయనకు మళ్ళీ వెనక్కి రాలేదు. ఆదివారం పొద్దున తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌లో ఆయనా, ఇద్దరు మిత్రులూ కలిసేవారు. ఒకాయన చైనీస్, టాక్సీ నడిపి రిటైరయ్యారు. రెండో ఆయన మలయ్, ఒకప్పుడు టైర్ల దుకాణం ఉండేది. ముగ్గురిలో ఎవరికీ సొంత కారు లేదు. ముందుగా వెళ్ళి టిష్యూ పొట్లం పెట్టి బల్ల 'చోప్' చేయడం, అంటే ఎవరూ కూర్చోకుండా పట్టిపెట్టడం, నా పని. వాళ్ళ మాటలు సగం మలయ్, సగం ఇంగ్లీషు, చివర ఒక 'లా'. కొన్ని నెలలకు నాకూ అర్థమవసాగాయి.

"ఆ ఇంపాలా కారుంది చూడు, ఇంపాలా అంటే ఆఫ్రికా జింక," అన్నారొకసారి టైర్ల అంకుల్. "జింక పేరు పెట్టి వెనక డిక్కీకి రెండు పక్కలా గద్ద రెక్కలెందుకు? పేరు పెట్టినవాడూ, బొమ్మ గీసినవాడూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు లా."

"పేరంటూ ఒకటి ఉంది కదా," అన్నారు టాక్సీ అంకుల్. "పిట్ట, గుర్రం, చేప, ఏదో ఒకటి. ఇప్పుడు చూడు, మూడు అక్షరాలు, ఒక నంబరు. కారు పేరో, మన బ్లాక్ నంబరో తెలీదు."

నా పరిశోధన ఎత్తైన భవనాల చుట్టూ గాలి ఎలా కదులుతుందన్న దాని మీద. నాకు తెలిసింది చెప్పాలనిపించింది. "ఆ రెక్కల వల్ల ఉపయోగమేమీ లేదంకుల్. బరువు తప్ప."

తిరిగి వస్తున్నప్పుడు లిఫ్టు దగ్గర అంకుల్ అడిగారు. "ఉపయోగం లేనిది ఒక్కటీ నీకు ఇష్టముండదా అమ్మా?"

నేను లిఫ్టు బటన్ నొక్కాను.

కొన్నాళ్ళకు ఆయన రోజూ రాత్రి మకాన్, అంటే భోజనం, అయ్యాక ఫోను నా చేతికిచ్చి, "ఇందులో ఏటుందో సెప్పు," అనడం మొదలుపెట్టారు. మిత్రులు పంపిన కార్ల ఫొటోలు. ఎర్ర కారు అని మాత్రం చెబితే ఒప్పుకునేవారు కాదు. బానెట్ ఎంత పొడుగు, నడుము దగ్గర గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది, వెనక దీపం గుండ్రమా, కోలగా ఉందా, అన్నీ కావాలి. నన్ను ఈ పిచ్చిలోకి లాగాలని చూస్తున్నారనుకుని నవ్వుకునేదాన్ని. చెప్తూ చెప్తూ నాకే ఇష్టం ఏర్పడింది.

ఒక రాత్రి నేను చెప్పేలోపే ఆయన, "నీలం థండర్‌బర్డ్ కారు కదా. బాగుంది," అన్నారు.

ఫొటోలో ఉన్నది టాక్సీ అంకుల్ మనవరాలి పుట్టినరోజు కేకు, నీలం రంగుది.

"అంకుల్, ఇది కేకు."

ఆయన ఫోను తీసుకుని జేబులో పెట్టుకున్నారు. కంటి నరం దెబ్బతిందనీ, ఉన్న చూపు కూడా నిలవదని డాక్టరు చెప్పారనీ అప్పుడు బయటపెట్టారు. "ఆళ్ళిద్దరికీ సెప్పకు. తెలిస్తే నా ముందు బళ్ళ మాటెత్తరు. జాలిపడి వానా ఎండా గురించి మాట్లాడతారు."

చెప్పనన్నాను.

ఆ ఏడాదే పాయా లేబర్‌లో ఒక మాల్ పక్క ఖాళీ స్థలంలో పాత కార్ల ప్రదర్శన పెట్టారు. నలుగురం వెళ్ళాం. వరసలో చివర ఎర్రటి ఇంపాలా. దాని ముందు 'తాకరాదు' అని బోర్డు. అంకుల్ నేరుగా వెళ్ళి వెనక రెక్క మీద అరచెయ్యి ఆనించారు.

నలభై ఏళ్ళ చైనీస్ ఆవిడ గబగబా వచ్చింది. కారు ఆమెదే. "అంకుల్, బోర్డు చూడలేదా?"

నేను ఏదో సర్దిచెప్పబోయాను. ఆయన నన్ను ఆపి, ఇంగ్లీషులో నెమ్మదిగా అన్నారు. "ఆ బోర్డు నాకు కనపడదమ్మా."

మిత్రులిద్దరూ విన్నారు. టైర్ల అంకుల్ తల దించుకున్నారు. ఆవిడ గొంతు మెత్తబడింది. "సరే అంకుల్, చేత్తోనే చూడండి."

ఆయన తొందరపడలేదు. కారు చుట్టూ పూర్తిగా తిరిగి, కుడి రెక్క దగ్గర ఆగి వేలి కణుపుతో తట్టారు. ఎడమ రెక్క తట్టారు. మళ్ళీ కుడివైపు వచ్చారు. "ఇక్కడ దెబ్బ తగిలింది. పెయింటు కింద ఉన్నది రేకు కాదు, సొట్ట నింపిన పుట్టీ."

"లేదంకుల్. మా నాన్న కొన్నప్పటి నుంచి గీత కూడా పడలేదు," అందామె.

టాక్సీ అంకుల్ పక్క దుకాణంలో ఫ్రిజ్‌కి అంటించే అయస్కాంతం బొమ్మ ఒకటి పట్టుకొచ్చారు. ఎడమ రెక్కకు అది గట్టిగా అతుక్కుంది. కుడి రెక్కకు పెడితే పుట్టీకి అంటక జారి ఆయన చేతిలో పడింది.

ఆవిడ కాసేపు ఆ చోటునే చూసింది. "అయితే నాన్న ఎక్కడో గుద్ది, మాకెవరికీ చెప్పలేదన్నమాట."

"పని మాత్రం బాగా చెయ్యి తిరిగినవాడు చేశాడు," అన్నారు అంకుల్. "ఇన్నేళ్ళయినా పెయింటు పగల్లేదు."

ఆ మధ్యాహ్నం ఆవిడ మమ్మల్ని ఆ కారులోనే సముద్రం పక్క రోడ్డు మీద తిప్పింది. అంకుల్ ముందు సీట్లో కూర్చున్నారు. వెనక మేం ముగ్గురం. టాక్సీ అంకుల్ ముందుకు వంగి, పక్కగా వెళ్తున్న బండి గురించి చెప్పసాగారు. "తెల్లది, సబ్బు బిళ్ళలా ఉంది."

"సబ్బు బిళ్ళకైనా అంచులుంటాయి," అన్నారు టైర్ల అంకుల్. "అది అరిగిపోయిన సబ్బు."

అంకుల్ భుజాలు కదిలేలా నవ్వారు. ఆపైన ఆదివారాలు ఫొటోలు వర్ణించే పని వాళ్ళిద్దరిదే అయింది. ఏ ఫొటోకీ వాళ్ళ వర్ణనలు కలిసేవి కావు. అంకుల్ న్యాయమూర్తిలా కూర్చుని ఇద్దరివీ కొట్టేసేవారు.

నేను చదువు ముగించి జురాంగ్ ఐలాండ్‌లో ఉద్యోగంలో చేరాక, ఆయన ఫ్లాట్ ఖాళీ చేసి కూతురి దగ్గరకు వెళ్ళిపోయారు. మిత్రులు నెలకోసారి బస్సులో వెళ్ళి చూసివచ్చేవారు. పోయినేడు కూతురు ఫోన్ చేసి, నాన్న ఇక లేరని చెప్పింది. ముగ్గురం కలిసి బయల్దేరాం. జొహోర్ వంతెన మీద బస్సు రెండు గంటలు కదల్లేదు. అటూ ఇటూ వందల కార్లు ఆగి ఉన్నాయి. పెద్దవాళ్ళిద్దరూ కిటికీలోంచి వాటినే చూస్తూ కూర్చున్నారు. ఒక్కదాని గురించి కూడా ఎవరూ ఏమీ అనలేదు.